ఎవరి ఎంగిలో

శనివారం. రేపు పెత్రమాస, పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య.

పొద్దున తొమ్మిదింటికే హన్మకొండ చౌరస్తాలో కాలు పెట్టే సందు లేదు. గునుగు, తంగేడు, బంతి రోడ్డు మీదనే కుప్పలు పోసి అమ్ముతున్నారు. నన్ను పంపింది పూలకు. పూలు తెచ్చాను. వాటితో పాటు ఒక పాత పైపు కూడా తెచ్చాను. నీళ్ల పైపు కాదు, నోట్లో పెట్టుకుని పొగ తాగేది. అదీ ఎవరో తాగి వదిలేసింది.

నిజానికి దాని కోసం పోలేదు. వెనక తలుపు గొళ్లెం విరిగి నెలవుతోంది. అలాంటి ఇత్తడి గొళ్లెం కొత్త షాపుల్లో దొరకడం లేదని వరంగల్ అండర్ బ్రిడ్జి అవతల ఒక పాత సామాను కొట్టుకు పోయాను. గొళ్లెం లేదు. తాళం చెవులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఆగిపోయిన చేతి గడియారాలు కలిపి పోసిన రేకు డబ్బా ఒకటి ఉంటే ఊరికే చెయ్యి పెట్టాను. ఇది తగిలింది. నున్నగా, గుండ్రంగా, అరచేతిలో కోడిగుడ్డు పెట్టినట్టు.

"ఇది ఎక్కడిది చాచా?"

"కాజీపేట రైల్వే కోటర్ల సామాన్ల వచ్చింది బేటా. మూడేండ్లాయె. ఎవ్వలు కొంటలేరు. చూస్తరు, వాసన చూస్తరు, అండ్లనే ఏస్తరు."

"ఎవరిదో తెలుసా?"

"నాకేమెరుక. ఉన్నోడైతే అమ్మడు గద."

ఐదు వందలన్నాడు, మూడు వందల యాభైకి ఇచ్చాడు. ఇచ్చేముందు లుంగీ అంచుతో ఒకసారి గట్టిగా తుడిచాడు. దాంతో అది శుభ్రమైందో, ఇంకాస్త ఖరాబైందో చెప్పలేను.

ఆటోలో కూర్చున్నాక తీరిగ్గా చూశాను. చెక్క మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. 'బ్రయర్' అనేది, దాని కింద 'ఫ్రాన్స్' అనేది మాత్రం చదవగలిగాను. బ్రయర్ అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండల్లో పెరిగే ఒక పొద. దాని మొదట్లో, వేరు దగ్గర, గడ్డలా ఊరుతుంది. ఆ గడ్డను తవ్వి తీసి, ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి పైపులు చెక్కుతారు. లోపల నిప్పు ఉన్నా ఆ చెక్క తొందరగా అంటుకోదు. ఫ్రాన్సులో సెయింట్ క్లాడ్ అనే కొండ ఊరు పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈ పనికే పేరు. మన పెంబర్తికి ఇత్తడి ఎట్లాగో, నిర్మల్‌కు పొణికి కర్ర ఎట్లాగో అట్లా. ఎక్కడి సెయింట్ క్లాడ్, ఎక్కడి అండర్ బ్రిడ్జి.

నోట్లో పెట్టుకునే ముక్క చెక్క కాదు. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన వల్కనైట్. కొత్తలో నల్లగా నిగనిగలాడుతుంది. ఏళ్లు గడిచి, ఎండా గాలీ తగిలితే పాచి రంగుకు తిరుగుతుంది. ఇది తిరిగింది. చివర పైన ఒక గుంట, కింద ఒక గుంట. పళ్ల గుర్తులు. ఎడమ పక్కన లోతు ఎక్కువ.

ఆ గుంటలు చూసినప్పుడు నాకూ కడుపులో కొంచెం తిప్పింది. డైరీలో కూడా దాచుకుంటే ఎట్లా.

ఇంట్లో మొదట చూసింది మా ఆవిడ. ఆమెకు ఎంగిలి పట్టింపు తర్వాత, పొగ ముందు. బాపు చనిపోయిన నెలలో సిగరెట్ మానేశాను, ఆరేళ్లయింది. "మళ్లా మొదలు పెడ్తున్నరా?" అని ఒక్క మాట అడిగి, పూల సంచి తీసుకుని లోపలికి పోయింది. లేదని చెప్పేలోపే తలుపు వేసిన చప్పుడు.

అమ్మ మాత్రం గునుగు కట్ట విప్పుతున్నది ఆపింది.

"గదేంది, చిలుమా?"

"అసొంటిదేనమ్మా. పాతది."

"ఎవలది?"

"తెల్వదు."

"తెల్వదంటె? ఎవ్వని నోట్లెదో తెల్వకుండనె ఇంట్లకు తెస్తివా? ఎంగిలిది! సచ్చినోడో, బతికినోడో!"

డెబ్భై నాలుగేళ్ల మనిషితో వాదన పెట్టుకోవద్దని తెలుసు. అయినా పెట్టుకున్నాను. హోటల్ చాయ్ కప్పు ఎంతమంది నోట్లో పెట్టిందమ్మా అన్నాను. దాన్ని కడుగుతరంది. దీన్నీ కడుగుతానన్నాను. "పింగాణి కడిగితె పోతది. కట్టె కడిగితె పోదు" అంది. ఇది ఆమె అప్పటికప్పుడు కల్పించింది కాదు, మా ఇంట్లో పాత చట్టమే. ఇత్తడి, కంచు అయితే చింతపండు, బూడిద పెట్టి తోముకుని మళ్లీ వాడుకోవచ్చు. మట్టి కుండకు ఎంగిలి తగిలితే బయట పారెయ్యాలి, ఎందుకంటే మట్టి పీల్చుకుంటుంది. కట్టె మట్టి లెక్కలోకే వస్తుందని అమ్మ తీర్పు. ఒప్పుకోక తప్పదు, చెక్క పీల్చుకుంటుంది. పైపుల సంగతి తెలిసినవాళ్లు చెప్పేదీ అదే.

మరి సన్నాయి? పెండ్లిళ్లలో తాతల నాటి సన్నాయి ఊదుతారు, అదీ కట్టెనే, అదీ నోట్లోదే.

"అది వాండ్ల తాతది. ఎవలదో ఎరుకే గద."

"బాపు, పక్కింటి కాక, ఇంకొకాయన, ముగ్గురు కలిసి ఒక్క బీడీ తాగలేదా మన అరుగు మీద? నేను చూడలేదా?"

"వాండ్లు మనోళ్లు."

అమ్మ లెక్కలో ఎంగిలి అంటే ఉమ్మి కాదు, పేరు తెలియని ఉమ్మి. అదే బీడీ, అదే నోటి తడి, తెలిసినవాడిదైతే దోస్తానా. ఈ లెక్క నాకు తప్పుగా తోచలేదు. ఆటోలో నాకు తిప్పింది కూడా మురికి వల్ల కాదు. ఆ రెండు గుంటలు చేసిన పళ్లకు మొహం లేకపోవడం వల్ల.

ఇంగ్లీషువాళ్లు ఇలాంటి వాటిని ఎస్టేట్ పైపులు అంటారు. పోయినవాళ్ల ఆస్తిలోంచి బయటికి వచ్చినవి అని అర్థం. వింటే జమీందారీ గుర్తొస్తుంది కానీ, విప్పి చూస్తే అమ్మ అన్న 'సచ్చినోడిది' అనే మాటకే కోటు తొడిగారు. వాళ్లలోనూ రెండు జట్లున్నాయి. పక్కవాడి పైపు నోట్లో పెట్టుకోవడమా, ఛీ, అనేవాళ్లు ఒక జట్టు. కొత్త పైపు చేదుగా ఉంటుంది, లోపల మసి పొర కట్టేదాకా ఓపిగ్గా తాగాలి, ఆ కష్టమేదో ముందే ఒకడు పడి పెట్టాడు కదా అనేవాళ్లు ఇంకో జట్టు. పాతవాడు తాగిన పొగాకు వాసన చెక్కలో మిగిలి కొత్త పొగాకులో కలుస్తుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు దయ్యం. ఈ సంగతి అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"సూడు, వాండ్లె అంటున్నరు" అంది.

కొత్తది దొరకదా అని అడిగింది. దొరుకుతుంది, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే ఒక ఊళ్లో 1869 నుంచి మక్క బెండ్లతో పైపులు చేస్తున్నారు, చవక కూడా అన్నాను. అమ్మ చాలాసేపు నవ్వింది. "మక్క బెండ్లా? మనం పొయ్యిల వెడ్తం గదరా! అదన్న కొనుక్కోరాదు మరి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చేతిలో బాగుంది, అంతే.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కడగడానికి కూర్చున్నాను, బాల్కనీలో. వంటింట్లోకి దానికి ప్రవేశం లేదని ఇద్దరూ చెప్పేశారు. కత్తితో లోపలి మసిని మెల్లగా గీకాను. మొత్తం తీయకూడదు. రూపాయి బిళ్ల మందాన పొర ఉంటే చెక్కను నిప్పు నుంచి కాపాడుతుంది, అంతకు మించి పెరిగితే వేడికి పైపు పగలొచ్చు. గీకిన కొద్దీ నల్లటి పొడి రాలుతూనే ఉంది. ఒక మనిషి ఎన్నేళ్ల సాయంత్రాలో పాత పేపర్ మీద చిన్న కుప్ప అయ్యాయి.

తర్వాత దొడ్డుప్పు నింపి, పైనుంచి ఘాటైన మందు పోసి ఉంచాలి. దాని కోసం వైన్స్‌కు పోయి వోడ్కా క్వార్టర్ తెచ్చాను. నల్ల కవర్ చూసి మా ఆవిడ "ఇగ ఇది గూడనా?" అంది. కడగడానికే అంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఆమె ముందే చుక్కలు చుక్కలుగా పోశాను. అమ్మ కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చింది. "మందు వోస్తె ఎంగిలి పోతదా? మందె ఎంగిలిది." ఉప్పు వేస్తే చెక్క పగులుతుందని వద్దనేవాళ్లూ ఉన్నారు. నాది మూడు వందల యాభై పైపు, ఆ ధైర్యం చేయొచ్చు.

నోటి ముక్కను వాటర్ పేపర్‌తో రుద్దాను, ముందు గరుకుది, తర్వాత సన్నది. పాచి రంగు పోతుంటే టపాసులు కాల్చిన చోట వచ్చే గంధకం వాసన వచ్చింది. పళ్ల గుంటలను కొవ్వొత్తి మంట పక్కన కాస్త వేడి చేస్తే పైకి లేస్తాయి. పైది దాదాపు సాపైంది. కిందిది మొండికేసింది.

అక్కడే ఇంకోసారి వాదన. మా అమ్మ పుట్టిల్లు కోరుట్ల. పెండ్లికి ముందూ తర్వాతా కలిపి ఇరవై ఏళ్లు బీడీలు చేసింది, పని బాగా సాగిన రోజు వెయ్యి. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టి దారం కట్టడం ఇప్పటికీ చూడకుండా చేసి చూపిస్తుంది. "నువ్వు చేసిన బీడీలు ఎవ్వరెవ్వరి నోట్లోకి పోలేదు? వాళ్లెవరో నీకు తెలుసా?" అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

"నేను నా నోట్ల వెట్టుకోని ఇయ్యలె గద!"

ఆఖరి బాణంగా, రేపు మీరు ఆడేదే ఎంగిలిపూల బతుకమ్మ కదా, గౌరమ్మకు ఎంగిలి పూలు పెట్టొచ్చా అన్నాను. ఇయ్యాల తెచ్చిన పూలు రాత్రికి వాడతయి, రేపు పేరుస్తం, అందుకే ఆ పేరు అని చెప్పి, నా చేతిలో ముక్కను వేలితో చూపించింది. "పూలను ఎవలన్న కొరికిన్రా?"

తర్వాత తనే వంగి వాసన చూసింది. "ఇది మన తంబాకు గాదు. తియ్యగొస్తంది." నిజమే, పైపు పొగాకుల్లో కొన్నింటికి వెనీలా లాంటి వాసనలు పట్టిస్తారు. మసి తీసి, మందు పోసినా ఆ తీపి పోలేదు. దయ్యం తీపిదన్నమాట.

ఎవరై ఉంటాడని ఇద్దరం కాసేపు అనుకున్నాం. కాజీపేట కోటర్లంటే నా చిన్నప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డ్రైవర్ కావచ్చన్నాను. గార్డు అయి ఉంటాడని అమ్మ. డ్రైవర్‌కు రెండు చేతులా పనే, వెనక పెట్టెలో కూర్చున్నవాడికే ఇంత తీరిక అంది. నాకూ అదే సరిగ్గా తోచింది. గూడ్స్ బండి గార్డు, ఎడమ పళ్లతో కొరికి పట్టుకునేవాడు, తీపి పొగాకు ఇష్టపడేవాడు. ఇంకేం తెలియదు.

తాగుతావా అని ఎవరైనా సూటిగా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. పైపు పొగ లోపలికి పీల్చరు కాబట్టి ఏం కాదనే మాటను నేను నమ్మను. పెదవికీ నాలుకకూ గొంతుకూ వచ్చే క్యాన్సర్లు పైపు తాగేవాళ్లనూ వదలవు. సాయంత్రం పాన్ డబ్బాలో పైపు పొగాకు ఉందా అని మాత్రం అడిగాను. అతను నన్ను కింది నుంచి పైకి చూసి, సిగరెట్ చింపి నింపుకో అన్నా అని సలహా ఇచ్చాడు. వద్దని వచ్చేశాను. వచ్చి, అమ్మకు అది ఇక్కడ దొరకదట అని చెప్పాను, ఆమె సంతోషిస్తుందని.

చీకటి పడేసరికి ఉప్పు చాయ్ రంగుకు తిరిగింది. రాత్రంతా అట్లాగే ఉంచాలి. బాల్కనీ గోడ మీద ఒక గిన్నెలో నిలబెట్టాను. ఆ గిన్నె ఇక నాదేనట.

ఎనిమిదింటికి అమ్మ రేపటి సామాను చెప్పడం మొదలుపెట్టింది, నేను రాసుకున్నాను. అయ్యగారికి ఇచ్చే బియ్యం, పప్పు, కూరగాయలు, కొంచెం నెయ్యి. నువ్వులు. బాపుకు పెట్టడానికి కల్లు, పొద్దున్నే తాజాది. బీడీలు. బాపు ఊపిరితిత్తులతోనే పోయాడు, బీడీల వల్లేనని డాక్టర్ మా ముందే అన్నాడు. అయినా ప్రతి పెత్రమాసకూ విస్తరి పక్కన ఒక కట్ట పెడుతుంది. కట్ట మీద 85 శాతం బొమ్మతో భయపెట్టే హెచ్చరికే. దాన్ని కిందికి తిప్పి పెడుతుంది, ఆయనకు కనపడకుండా.

"రెండు కట్టలు రాయి" అంది.

"రెండెందుకు?"

బాల్కనీ వైపు చూసింది.

"అది ఈడ దొరుకదంటివి గద. బీడీలతోనె సర్దుకుంటడు తియ్."