నీళ్లు తాగి చూసి కొన్న ఇల్లు

నెల్లూరు జిల్లా తీరంలో మైపాడు దగ్గర ఇల్లు కొన్నాం అనగానే అందరూ అడిగేది ఒకటే, మేడ మీద నుంచి సముద్రం కనిపిస్తుందా అని. కనిపించదు. మధ్యలో సరుగుడు తోపు ఉంది. రాత్రిపూట హోరు మాత్రం బాగా వినిపిస్తుంది, మాకది చాలు. ఉద్యోగం నెల్లూరులోనే, అక్కడి మైపాడు గేటు నుంచి ఇంటికి సుమారు పాతిక కిలోమీటర్లు, రోజూ వెళ్లి వస్తున్నాను.

మేం మొదట చూసిన ఇల్లు వేరే. కొత్త టైల్స్, బాల్కనీ, ఎదురుగా సముద్రం. అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటుంటే పక్కింటి అవ్వ వచ్చి "నాయనా, ఇల్లు యాడికీ పోదు, ముందు ఆ బోరు నీళ్లు నోట్లో పోసుకో" అంది. ఉప్పు కషాయం! ఇంకా లోతుకి వేయిస్తే తీపి నీళ్లు పడతాయని ఓనరు అన్నాడు కానీ తీరంలో లెక్క తరచూ తిరగబడుతుంది. ఇసుకలో ఇంకిన వాన నీళ్లు తేలిక కాబట్టి పైన నిలుస్తాయి, ఉప్పు నీళ్లు కింద ఉంటాయి, లోతుకి పోయి గట్టిగా తోడేకొద్దీ ఆ ఉప్పే పైకి వస్తుంది. అందుకే ఇక్కడి పాతవాళ్లు ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్లే, అంటే తక్కువ లోతు గొట్టపు బావులే వేసుకున్నారు. దానికి తోడు ఆ ఇంటి వెనకే రొయ్యల గుంటలు, వాటి ఉప్పు నీళ్లు కూడా నేలలోకి ఇంకుతాయి.

చివరికి కొన్నది పాత డాబా. మే నెల ఎండల్లో ఒకసారి, నవంబరు వానల్లో ఒకసారి వెళ్లి నీళ్లు తాగి చూశాకే బేరం మాట్లాడాను. వానల్లో వెళ్లడం ఇంకో రకంగా కూడా మేలు చేసింది, వీధిలో నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో కళ్లారా చూశాను. మన జిల్లాకు అసలు వానలు, తుఫాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, వేసవిలో చూసి కొంటే ఇవేవీ తెలియవు.

కాగితాల సంగతి. ఇక్కడ స్థలం అంకణాల్లో చెబుతారు, మన దగ్గర అంకణమంటే 36 చదరపు అడుగులు, వేరే జిల్లా నుంచి వచ్చేవాళ్లు ఇది తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లతో (పాత దస్తావేజులతో) పాటు సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడండి. తీరంలో పేదలకిచ్చిన అసైన్డ్ భూములున్నాయి, వాటి అమ్మకాల మీద 1977 చట్టం ఆంక్షలున్నాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఎంత చవగ్గా వస్తున్నా వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా వదిలేయమనే నేను చెబుతాను.

ఉప్పు గాలికి ఇనుము నిలవదు. మేం కిటికీ గ్రిల్స్ మార్చాం, స్లాబు కింద పెచ్చులూడిన చోట లోపలి కమ్మీలకు తుప్పు పట్టిందేమో మేస్త్రీతో తట్టించి చూపించుకున్నాకే డబ్బు కట్టాం.

గృహప్రవేశానికి అవ్వని పిలిస్తే భోజనం కంటే ముందు మా కుళాయి దగ్గరికి వెళ్లి దోసిలి పట్టి తాగింది. "తియ్యగుండాయి నాయనా" అంది. ఇప్పుడు మా వీధి చివర కొత్తగా రొయ్యల గుంటకు కొలతలు వేస్తున్నారు. అనుమతి ఉందో లేదో చెప్పమని ఊళ్లోవాళ్లం కలిసి నిన్ననే గ్రామ సచివాలయంలో అర్జీ ఇచ్చాం. మొదటి సంతకం, కాదు, వేలిముద్ర అవ్వదే.