డోన్ మీదుగా బత్తలపల్లి దాకా

ఎండ ముదరకముందే అనంతపురం చేరాలని మా ఆవిడ పట్టుబట్టడంతో కర్నూల్లో తొలి బస్సే పట్టుకున్నాం. బత్తలపల్లి దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. పెళ్ళికొడుకు కర్నూల్లో చదువుకున్నన్నాళ్ళూ నేను పాస్టరుగా ఉన్న సంఘానికే వచ్చేవాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. "అయ్యగారూ, మీరొస్తేనే తాళి కడతా" అని ఫోన్లో బెదిరించాడు.

డోన్ బస్టాండులో బస్సు ఆగిన కాసేపట్లోనే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకున్నాం. బొరుగుల్లో చెనిక్కాయ గింజలు తక్కువేశాడని మా ఆవిడ గొణిగింది. గుత్తి కోట కనబడగానే నాకు మద్రాసు గవర్నరుగా చేసిన మన్రో దొర గుర్తొస్తాడు. దగ్గర్లోని పత్తికొండలో 1827 జూలై 6న కలరాతో చనిపోతే, ఆయన్ను గుత్తికి తెచ్చి సమాధి చేశారు. తర్వాత మద్రాసుకు తరలించారు. సీమలో ఆయన పేరు పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. అంత పేరున్న గవర్నరు పోయేటప్పటికి భార్య ఇంగ్లండులో ఉంది. జబ్బుపడ్డ బిడ్డను తీసుకుని ముందే ఓడెక్కింది. చరిత్ర పుస్తకాలు ఆయన రైత్వారీ శిస్తు పద్ధతి గురించి రాసినంతగా ఈ సంగతి రాయవు.

పెళ్ళికొడుకు వాళ్ళమ్మ ఒంటరి మనిషి. భర్త పోయాక మూడెకరాల చెనిక్కాయ చేను నమ్ముకుని కొడుకును చదివించింది. వానలు సరిగ్గా పడని నేలమీద ఆ మాట చెప్పినంత తేలిక కాదు. మేం పోయేసరికి పెళ్ళికూతురు తరఫువాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. ఆ పిల్ల అనంతపురంలో నర్సు. సాయంత్రం వాకిట్లో మంచాలు వేసి మాట్లాడుకుంటుంటే, పెద్దవాళ్ళంతా ఆ పిల్లకే బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. సర్దుకుపోమ్మా, అత్తమ్మ మాట దాటొద్దమ్మా, కోపమొచ్చినా నోరు జారొద్దమ్మా. పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

కాసేపు విని ఆ పిల్ల నావైపు తిరిగింది. "అయ్యగారూ, ఆదికాండంలో పురుషుడు తన తండ్రిని తన తల్లిని విడిచి అని కదా ఉంది? మరి ఊరూ ఉద్యోగమూ విడిచేది నేనెందుకు?"

వాకిలంతా ఒక్కసారి గమ్మునైంది. అక్కడున్న పెద్దాయన ఒకరు "చదువుకున్న పిల్ల గదప్పా" అని నవ్వి తేలిక చేయబోయాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది అనిపించలేదు. ఆ వాక్యం చెప్పింది మగవాడికే. మనం చదివేది ఒకటి, చేసేది ఇంకొకటి.

ఆ రాత్రి పెళ్ళికొడుకుతో చాలాసేపు మాట్లాడాను. విడవడమంటే తల్లిని దిక్కులేకుండా వదిలేయడం కాదని చెప్పాను. యేసు సిలువ మీద ఉండి కూడా తల్లిని యోహానుకు అప్పగించి వెళ్ళాడు. తల్లికి కూడు, మందు, నెలనెలా డబ్బు ఇవ్వాల్సిందే. విడవాల్సింది వేరే. భార్యాభర్తలు కొట్లాడుకున్న పది నిమిషాలకే అమ్మకు ఫోన్ పోతుంది చూడండి, అది విడవాలి. జీతం ఎంతో తల్లికి తెలిసి భార్యకు తెలియకపోవడం ఉంది చూడండి, అది విడవాలి. వాడు తలూపుతూనే ఉన్నాడు. గడపలో కూర్చుని అంతా విన్న వాళ్ళమ్మ, "పంపిస్తాలే సామీ, ఫోన్ మాత్రం నాకు రోజూ చేయమను" అంది. చేయమనే చెప్పాను. కొట్లాటలు మాత్రం చెప్పొద్దన్నాను. ఆమె నవ్వింది గానీ ఒప్పుకున్నట్టు లేదు.

పెళ్ళి బాగా జరిగింది. మూడు ఆదివారాలు ప్రకటన చదివినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఉంగరాలు మార్చుకున్నారు, సిలువ గుర్తున్న తాళి కట్టాడు, రిజిస్టరులో సంతకాలు పెట్టారు. ఓళిగల్లో నెయ్యి ధారాళంగా పోశారు. పిల్ల ఉద్యోగం సంగతి మాత్రం తేలలేదు. ఆమె బెంగళూరు పోవడమా, అతను అనంతపురం రావడమా అన్నది ఆరునెలల్లో తేల్చుకుంటామన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు బత్తలపల్లిలో ఫాదర్ ఫెర్రర్ సమాధి దగ్గరికి వెళ్ళాం. 2022లో ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మా నోట ఇంకా అనంతపురమే. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ అనే కాథలిక్ సన్యాసుల సభ తరఫున 1952లో మన దేశానికొచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి వెళ్ళగొడితే 1969లో అనంతపురం చేరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ మొదలుపెట్టాడు. మరుసటి ఏడు సభను విడిచి, ఆన్ పెర్రీ అనే ఆంగ్ల యువతిని పెళ్ళాడాడు. ఆయనకు యాభై, ఆమెకు పాతిక కూడా లేవు. పెళ్ళయ్యాక కూడా జనం ఆయన్ని ఫాదర్ అనే పిలిచారు, 2009లో పోయేదాకా. మా ప్రొటెస్టెంట్లలో బోధకుడికి పెళ్ళి అడ్డే కాదు, పేతురుకూ అత్తగారుంది. అయినా యాభయ్యో ఏట అలవాటైన బతుకంతా వదిలి కొత్తగా మొదలుపెట్టడానికి గుండె కావాలి. పెళ్ళి ఆయన పనిని తగ్గించలేదు. ఆడవాళ్ళ కోసం జరిగిన పని చాలావరకు ఆన్ గారి చేతిమీదుగానే నడిచింది. పక్కనే ఆర్డీటీ ఆసుపత్రి ఉంది, చీటీల దగ్గర పల్లె జనం బారులు తీరి ఉన్నారు.

నేను ఆయన గురించి ఆలోచిస్తుంటే మా ఆవిడ ఆమె గురించి ఆలోచిస్తోంది. "అంత చిన్నపిల్ల, భాష రాదు, ఊరు తెలీదు. కష్టమొస్తే ఎవరితో చెప్పుకునిందో!" అంది. కాసేపాగి, "ఊరందరికీ పాస్టరున్నాడు. పాస్టరమ్మకు ఎవరున్నారు?" అంది.

బస్సులో పామిడి దాటేదాకా ఆ మాటే నడిచింది. సంఘంలో ఎవరి ఇంటి గొడవైనా మా గడప తొక్కుతుంది. మా ఇంటి గొడవ పోవడానికి గడపలేదు. సంఘస్తులతో చెప్తే ఆదివారానికి ఊరంతా పాకుతుంది, పుట్టింటివాళ్ళతో చెప్తే బెంగపెట్టుకుంటారు. నాతోనే చెప్పొచ్చు కదా అన్నాను. "గొడవే మీతో అయితే?" అంది. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

డోన్‌లో ఇంకో సంఘం పాస్టరమ్మ ఉంది, మా ఆవిడ కన్నా పదేళ్ళు పెద్ద. వెళ్ళి కలువు అన్నాను. ఇప్పుడు సోమవారాలు వీలున్నప్పుడల్లా పోయివస్తోంది. ఏం మాట్లాడుకున్నారని మొదటిసారి అడిగాను. "పెళ్ళికొడుక్కి చెప్పిన మాటే మీక్కూడా, అన్నీ అడగొద్దు" అని వంటింట్లోకి పోయింది.