షెడ్యూలు రాసుకున్న రోజు

సినిమా చదువులో మా చివరి సంవత్సరపు చిత్రానికి స్క్రిప్టు 14 పేజీలు. పేజీకి సుమారు ఒక నిమిషం అన్నది అందరూ వాడే అంచనా కాబట్టి, నిడివి పావుగంటలోపే వస్తుందని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాం. ఈ రోజు ఉదయం తరగతిలో ఒక్కో సన్నివేశాన్నీ పేజీలో ఎనిమిదో వంతుల లెక్కన కొలిచి, అందులో ఎవరెవరు కనిపిస్తారు, ఏ సామాను కావాలి, ఏ దుస్తులు కావాలి, పగలా రాత్రా, ఇంటి లోపలా బయటా అని విడగొట్టి రాసుకుంటూ పోయేసరికి, ఆ కథ నా కళ్ల ముందు మనుషులతోనూ గంటలతోనూ నిండిపోయింది. సగం పేజీ కూడా లేని వాన సన్నివేశానికి పట్టే సమయం, రెండు పేజీల సంభాషణకు పట్టే సమయం కంటే ఎక్కువ. మా దర్శకుడు దాన్ని రెండు వాక్యాల్లో రాశాడు. ఆ రెండు వాక్యాల కింద నేను నీళ్ల ట్యాంకరు, పైపులు, నటికి అవే రంగు చీరలు మరో రెండు, తువ్వాళ్లు, జుట్టు ఆరబెట్టే యంత్రం, అది ఆరేవరకు యూనిట్ ఖాళీగా కూర్చునే సమయం, అన్నీ రాసుకున్నాను.

తర్వాత ఒక్కో సన్నివేశానికి ఒక్కో రంగు పట్టీ కత్తిరించి బోర్డు మీద అమర్చాం. ఇంటి లోపల పగలైతే తెలుపు, బయట పగలైతే పసుపు, లోపల రాత్రికి నీలం, బయట రాత్రికి ఆకుపచ్చ. ఈ పని నిమిషాల్లో చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నా, మా అధ్యాపకులు మొదటి షెడ్యూలు మాత్రం చేత్తోనే వేయిస్తారు. అది చాలా మంచి పద్ధతి అని నా అభిప్రాయం. పట్టీని తీసి మరో చోట పెట్టిన ప్రతిసారీ, దాని వల్ల ఇంకెవరి కాల్‌షీటు, అంటే షూటింగ్‌కు రావాల్సిన రోజూ వేళా, కదులుతుందో మన వేళ్లకే తెలుస్తుంది.

నేను చేరింది దర్శకత్వంలో కాదు, ప్రొడక్షన్‌లో. ఆ మాట చెప్పగానే చాలామంది ముఖంలో కొంత ఉత్సాహం తగ్గుతుంది. లెక్కలు చూసుకునే పని, టిఫిన్లు తెప్పించే పని, బేటాలు, అంటే రోజు ఖర్చుల డబ్బు, పంచే పని అనుకుంటారు. అవన్నీ నిజంగానే ఉంటాయి, వాటిని గౌరవంగానే చేస్తాను. వేళకు భోజనం అందని లైట్‌మ్యాన్ వేసిన లైటు తెర మీద కూడా తెలుస్తుందని నేను నమ్ముతాను. కానీ ఏ సన్నివేశం ఎక్కడ తీయాలి, దానికి ఎంత సమయం ఇవ్వాలి అని నిర్ణయించడమంటే సినిమా రూపాన్ని సగం నిర్ణయించడమే.

ఈ మాటకు సాక్ష్యం వెతుక్కోవడానికి మద్రాసులో ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు. నేను రోజూ దాటి వెళ్లే వడపళనిలో, ఇప్పుడు మాల్, ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉండేది. అక్కడ పని చేసిన దర్శకుడు కె.వి. రెడ్డిగారు స్క్రిప్టు పూర్తిగా ఖరారు కానిదే చిత్రీకరణకు దిగేవారు కాదని, స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశాల నిడివి ముందే లెక్క కట్టేవారని తెలుగు సినిమా చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ క్రమశిక్షణకు పొదుపు ఒక్కటే కారణమని నేను అనుకోను. అప్పట్లో వెయ్యి అడుగుల 35 ఎంఎం నెగెటివ్ రీలు కెమెరాలో పదకొండు నిమిషాలకే అయిపోయేది నిజమే. అయినా 1957లో వచ్చిన ఆయన మాయాబజార్‌ను ఈనాటికీ ఎక్కడా విసుగు లేకుండా చూడగలుగుతున్నామంటే, ఆ లెక్కే అక్కడ కళగా మారిందన్నమాట. అలాగే ఎల్.వి. ప్రసాద్‌గారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లి, ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద అనే మూడు భాషల తొలి టాకీలలోనూ కనిపించిన ఆ మనిషి, తర్వాత దర్శకుడై, నిర్మాతై, ఈ ఊళ్లోనే స్టూడియోనూ ల్యాబునూ కట్టారు. ఆ స్టూడియో ఉన్న సాలిగ్రామం వైపు వెళ్లినప్పుడల్లా, సినిమాను ఇన్ని వైపుల నుంచి తెలుసుకున్న మనిషి మన వాడైనందుకు నాకు గర్వంగా ఉంటుంది.

మధ్యాహ్నం వెస్ట్ మాంబళంలో ఒక పాత ఇంటిని చూడటానికి వెళ్లాం. చెక్క మెట్లు, ఎర్రటి ఆక్సైడు గచ్చు, పడమటి కిటికీ లోంచి నాలుగింటికి మెట్ల మీద పడే ఎండ. మదురై నుంచి వచ్చిన మా దర్శకుడు లోపలికి అడుగు పెట్టగానే ఇదే ఇల్లు అని తేల్చేశాడు. ఇంటి యజమానురాలు పెద్దావిడ. మేమందరం ఆవిడను మామీ అనే పిలిచాం. పూజగది వైపు ఎవరూ చెప్పులతో రాకూడదు, ఇంట్లో మాంసాహారం తినకూడదు అని రెండే షరతులు పెట్టారు. రెండూ న్యాయమైనవే. భోజనాల పట్టికలో అప్పటికప్పుడే బిర్యానీ కొట్టేసి సాంబారన్నం, పెరుగన్నం రాశాను. కరెంటు చూస్తే సింగిల్ ఫేజు, ఫ్యూజులు పాతవి. ఎక్కువ కరెంటు లాగే పెద్ద హెచ్ఎంఐ లైట్లు పెడితే ఆ వైరింగు మోయలేదు, జనరేటరు వ్యాను నిలపడానికి ఆ సందులో చోటు లేదు. కాబట్టి ఎల్ఈడీ ప్యానెళ్లతోనే సరిపెట్టుకోవాలి, మిగతాది ఆ పడమటి ఎండే చూసుకోవాలి.

అసలు సమస్య శబ్దం. బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైళ్ల లైను ఆ ఇంటికి వీధి దూరంలో ఉంది. సౌండ్ చూసే అమ్మాయి ముందు గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొంతసేపు రికార్డు చేసి, ఏమీ మాట్లాడకుండా ఆ హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. మామూలు చెవికి అలవాటై వినిపించని రైలు, మైకులో గది గోడల లోంచే దూసుకుపోయినట్టుంది. ఒక్క షాట్‌లో రైలు మోత ఉంటే దాన్ని భరించవచ్చు. కానీ సంభాషణ నాలుగైదు షాట్లలో తీసి కలిపినప్పుడు, ఒక ముఖం మీద వస్తున్న రైలు మరో ముఖానికి కట్ చేయగానే మాయమైపోతుంది. దర్శకుడు డబ్బింగ్ చెప్పిద్దామన్నాడు. తల్లీకూతుళ్లు చాలా ఏళ్ల తర్వాత మాట్లాడుకునే సన్నివేశమది. ఆ గొంతులోని తడబాటును నెల తర్వాత చీకటి గదిలో మైకు ముందు నిలబడి మళ్లీ తెచ్చుకోమని ఆ నటీమణులను అడగడం నాకు సమ్మతం కాలేదు. ఆఖరి రైలు వెళ్లాక రాత్రి తీయవచ్చు, కానీ అప్పుడు మెట్ల మీద ఎండ ఉండదు, మర్నాడు పగటి షూటింగ్‌కు యూనిట్‌కు విశ్రాంతి చాలదు, మామికి నిద్ర ఉండదు.

చివరికి ఇల్లంతా తిరిగి వెనక వంటింట్లో మళ్లీ రికార్డు చేశాం. మధ్యలో రెండు గోడలు, ఒక పెరడు ఉండటం వల్ల అక్కడ రైలు దూరపు గొణుగుడుగా మాత్రమే వినిపించింది. మెట్ల మీద మాటలు లేని షాట్లు మాత్రమే తీసి, సంభాషణ మొత్తం వంటింట్లోకి మారుద్దామని నేను ప్రతిపాదించాను. దర్శకుడు కాసేపు ఒప్పుకోలేదు. ఆ తర్వాత తనే వెళ్లి వంటగట్టు దగ్గర నిలబడ్డాడు. అక్కడ నిలబడిన మనిషికి గుమ్మంలో ఉన్నవాళ్లు వెనకవైపు వస్తారు. తల్లి బెండకాయలు తరుగుతూ, కూతురి వైపు తిరగకుండానే ఆ మాటలన్నీ అనేయవచ్చు. ఎదురెదురుగా కూర్చుని ఆమె ఆ మాటలు ఎప్పటికీ అనగలిగేది కాదని అతనికీ అనిపించింది. రైలు వల్ల, బడ్జెట్ వల్ల మారిన చోటు సన్నివేశానికి ప్రాణం పోసింది. నేను ఈ చదువుకు వచ్చింది ఇలాంటి మధ్యాహ్నాల కోసమే.

రాత్రి నాన్నగారు తెనాలి నుంచి ఫోన్ చేశారు. "ప్రొడక్షన్ అంటే డబ్బు పెట్టడమే కదమ్మా, దానికి పీజీ ఎందుకు?" అని ఆయన చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్నే మళ్లీ అడిగారు. ఈసారి సిద్ధాంతాలు చెప్పకుండా, వంటింటి సంగతి మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ఆ పిల్ల ఎక్కడ నిలబడుతుందో నువ్వు చెప్పావన్నమాట" అన్నారు. తర్వాత, ఆ మామికి రోజుకు ఎంత ఇస్తున్నారని, ఆ మాట కాగితం మీద పెట్టారా అని అడిగారు. సరైన ప్రశ్నలే అడిగారు. ఒప్పందం రాయించుకోవాల్సే ఉందని చెప్పాను.

ఇప్పుడు బోర్డు మీద పట్టీలన్నీ మళ్లీ మార్చి పెట్టాలి. వంటింటి సన్నివేశాన్ని రెండో రోజు ఉదయానికి తెచ్చాను, మొదటి రోజంతా ఆ నటీమణులు ఒకరికొకరు అలవాటు పడతారు. మెట్ల షాట్లు మొదటి రోజు నాలుగింటికి, ఎండ పడే వేళకే. వాన సన్నివేశం అన్నిటికంటే చివర, తడిసిన గచ్చు ఆరే వరకు ఎవరూ ఆగనక్కర్లేకుండా. అనుకోని ఖర్చులకు మొత్తంలో పదో వంతు పక్కన పెట్టాలని మాకు చెబుతారు, దాన్ని ముట్టుకోకుండా ఈ షెడ్యూలు సరిపోయింది. రేపు ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి ఆ ఫ్యూజులు చూపించాలి, మామి దగ్గర సంతకం తీసుకోవాలి.