అమ్మ చేతి రికార్డింగులు

ఆదివారం, కావలి.

పొద్దున టిఫిన్లు కాగానే పాత వీడియో క్యాసెట్ల పెట్టె ముందేసుకుని కూర్చుంటే, లేచేసరికి భోజనాల వేళ దాటిపోయింది. మూడు గంటల క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే మూడు గంటలూ పట్టాల్సిందే. వీసీఆర్‌లో టేపు తన వేగంతో తిరుగుతూ ఉండాలి, కంప్యూటర్‌కు తగిలించిన క్యాప్చర్ కార్డు ద్వారా బొమ్మా శబ్దమూ వచ్చి చేరుతూ ఉండాలి, మనం చూస్తూ ఉండాలి. నాకు ఆ కూర్చోవడమే ఇష్టం.

అసలు కష్టమంతా బూజుతోనే. సముద్రం దగ్గరి ఊరు, గాలిలో ఎప్పుడూ తేమే. క్యాసెట్టు కిటికీలోంచి టార్చి వేసి చూస్తే టేపు చుట్ట అంచుల మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని చూడకుండా వీసీఆర్‌లో పెడితే ఆ బూజు టేపును చదివే, రాసే హెడ్లకు పట్టి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ అంటుకుంటుంది. వాటిని ముందే వేరు చేసి పక్కన పెట్టాను. హెడ్లను శుభ్రం చేయడానికి స్పిరిట్‌లో తడిపిన మెత్తటి తోలుముక్కను హెడ్లుండే గుండ్రటి డ్రమ్ముకు ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతాను. పైకీ కిందికీ రుద్దకూడదు, హెడ్డు విరుగుతుంది. రికార్డింగు సమయంలో ఆ డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతుందంటే, చేతిలో ఉన్నప్పుడు నమ్మబుద్ధి కాదు.

మా ఇంట్లో వీసీఆర్ కొన్నది నాన్న, అద్దె సినిమాల కోసం. దాన్ని పూర్తిగా వాడుకున్నది మాత్రం అమ్మ. 1995లో జెమినీ, ఈటీవీ ఒకే ఏడాది మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి పాటల పోటీ ‘పాడుతా తీయగా’ వచ్చింది. మన నెల్లూరాయన అని అమ్మకు ఎంత గర్వమో! కేబులు తీగను ముందు వీసీఆర్‌కు, అక్కడినుంచి టీవీకి కలిపించుకుని, పాటల కార్యక్రమాలన్నీ పట్టి ఉంచింది. టైమరును నమ్మేది కాదు. కరెంటు పోయి వస్తే వీసీఆర్ గడియారం మొదటికొచ్చేది, పెట్టుకున్న సమయమంతా వృథా. అందుకని తనే దగ్గర కూర్చుని బటన్లు నొక్కేది.

నాన్నకూ అమ్మకూ ఒక్క విషయంలో పేచీ ఉండేది. అదే క్యాసెట్టును ఎల్పీ (లాంగ్ ప్లే) అనే సగం వేగంలో పెడితే మూడు గంటల చోట ఆరు గంటలు పడుతుంది కదా, క్యాసెట్టు ఖర్చు సగమవుతుంది కదా అని నాన్న. పాటలకు కుదరదని అమ్మ. ఈ రోజు ఆమె మాట ఎంత సరైనదో చెవులతో విన్నాను. మామూలు వేగంలో టేపు సెకనుకు దాదాపు 23 మిల్లీమీటర్లు కదులుతుంది, ఎల్పీలో అందులో సగమే. బొమ్మను తిరిగే హెడ్లు రాస్తాయి కాబట్టి అది కొంత తట్టుకుంటుంది. మా వీసీఆర్ శబ్దాన్ని కూడా తిరిగే హెడ్లతో రాసే హైఫై రకం కాదు. అందులో శబ్దం టేపు అంచున సన్నటి గీతగా, కదలని హెడ్డుతో రికార్డవుతుంది. టేపు నెమ్మదిస్తే ముందు పోయేవి సన్నటి శబ్దాలు: తాళాల మోత, ‘శ’కూ ‘స’కూ మధ్య ఉండే తేడా. ‘పాడుతా తీయగా’లో పిల్లలు పాడుతుంటే బాలు గారు పట్టి పట్టి దిద్దింది సరిగ్గా ఇలాంటి అక్షరాలనే! ఎల్పీలో రికార్డు చేసి ఉంటే దిద్దుబాటు వినిపించేది, తప్పు మాత్రం వినిపించేది కాదు. అమ్మకు మిల్లీమీటర్ల లెక్క తెలియదు. రెండూ విని, తేడా పట్టుకుంది. వినడం వచ్చినవాళ్ళకు లెక్కలు చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం.

మధ్యాహ్నం అమ్మ వచ్చి నా వెనక కుర్చీలో కూర్చుంది. మధ్యలో ఒక ప్రకటన కనిపించగానే “అది తీసెయ్ నాయనా, నేను పాజ్ నొక్కడం ఆలస్యమైనట్టుంది” అంది. ప్రకటనలు రాగానే పాజ్ నొక్కి, అయిపోగానే వదిలేది కదా. పాజ్‌లో ఐదు నిమిషాలు దాటితే హెడ్లూ టేపూ అరిగిపోకుండా వీసీఆర్ తనంతట తనే ఆగిపోతుంది. అంత లోపలే పాట మళ్ళీ మొదలవ్వాలని ఆమె ఆత్రం.

“ఉంచుతానమ్మా. ఈ ప్రకటనలు ఇంకెక్కడా దొరకవు” అన్నాను.

“సబ్బు ప్రకటన ఎవరికి కావాలి?”

నాకు కావాలి. ఆ సబ్బు ధర, ఆ చీర కట్టు, కింద పరుగెత్తే అక్షరాలు, అన్నీ కావాలి. ఒక్క ముక్క కూడా కత్తిరించను.

అక్టోబరు అని రాసి ఉన్న ఇంకో క్యాసెట్టులో మధ్యాహ్నపు వంటల కార్యక్రమం ఉంది. కాకరకాయ వేగుతుండగా తెర నిండా చుక్కలు కమ్ముకుని, కొన్ని నిమిషాల పాటు ఏమీ లేదు. కేబులు అబ్బాయిని ఆ రోజు బాగా తిట్టానని అమ్మకు గుర్తొచ్చింది. పాపం, అతని తప్పేమీ లేదు. మార్చిలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు, పగటిపూట కాసేపు, కేబులు వాళ్ళ డిష్షు నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే సన్నటి సంకేతం సూర్యుడి రేడియో తరంగాల్లో మునిగిపోతుంది. అది విని అమ్మ నిజంగా బాధపడింది. ఆ అబ్బాయి ఇప్పుడు పాత బస్టాండు దగ్గర కొట్టు పెట్టుకున్నాడట, వెళ్ళి చెప్పి వస్తానంది. కాకరకాయ కూరలో తెర మింగేసిన భాగం మాత్రం తనే నోటితో చెప్పింది: ఉల్లికారం ఎప్పుడు వేయాలో, మంట ఎప్పుడు తగ్గించాలో. దాన్ని ఫోనులో రికార్డు చేసి అదే ఫోల్డర్‌లో పెట్టాను.

ఫైళ్ళకు పేర్లు కూడా క్యాసెట్ల మీద అమ్మ రాసినట్టే పెడుతున్నాను. ‘బాలు – పిల్లల పాటలు – చెరపవద్దు’. మళ్ళీ రికార్డవకుండా క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చు విరిచేసినా నమ్మకం చాలక రాసిన మాట అది. విరిగిన చోట సెల్లోటేపు అంటిస్తే మళ్ళీ రికార్డవుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు మరి.

బూజు పట్టినవి ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి ఈ వీసీఆర్‌ను వాడను. 2016లో జపాన్‌లోని ఫునాయి సంస్థ కూడా తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. బూజు క్యాసెట్ల కోసం నెల్లూరులో పాతది ఒకటి ఉందని ఫోనులో చెప్పారు. వచ్చే ఆదివారం వెళ్తాను. అమ్మ కూడా వస్తానంది, కొనే ముందు శబ్దం తను వినాలట.