అడుగున రేడియేటర్

పడుకునే ముందు ఫోన్ చూడకూడదని వదిన ఎన్నిసార్లు చెప్పినా వినం కదా. చిన్నోడు ఫొటో పంపాడు. కొత్త పీసీ, మొదటి జీతాల డబ్బుతో కట్టించుకున్నది. "అన్నా, ఎలా ఉంది?" అని అడిగాడు. గాజు పలక వెనక లైట్లు, నీటుగా సర్దిన వైర్లు, అన్నీ బాగానే ఉన్నాయి. ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచే కూలర్ వాడిది. పంపు వేడి నీళ్లని తోస్తే రేడియేటర్‌లో ఫ్యాన్ల గాలికి చల్లారతాయి. ఆ 240 మి.మీ. రేడియేటర్ మాత్రం క్యాబినెట్ అడుగున పడుకుని ఉంది, పంపేమో దానికి జానెడు పైన ప్రాసెసర్ మీద. ఇంకేం నిద్ర పడుతుంది?

బిగించింది షాపువాళ్లే. "కింది నుంచి చల్లగాలి లాగుతుంది సార్" అన్నారట. గాలి వరకూ వాళ్ల మాట నిజమే అనుకుందాం. నీళ్ల సంగతో? ఈ కూలర్లు సీలు వేసి వస్తాయి గానీ లోపల నిండా నీళ్లుండవు. ఫ్యాక్టరీలోనే కాస్త గాలి మిగులుతుంది. ఆపైన రబ్బరు పైపుల గోడల్లోంచి ఏళ్ల తరబడి నీటి ఆవిరి సన్నగా బయటికి పోతూ ఉంటుంది, పోయినంత మేరా గాలి పెరుగుతుంది. ఆ గాలి ఎక్కడ ఎత్తుంటే అక్కడికి చేరుతుంది. రేడియేటర్ అడుగున ఉంటే ఎత్తైన చోటు పంపూ, దాని పక్క పైపులే. ఎండాకాలం కూలర్‌లో నీళ్లయిపోయాక కూడా పంపు తిరుగుతుంటే అమ్మ పరుగెత్తుకెళ్లి ఆపుతుందే, అదే తంతు. పైగా ఈ పంపు బేరింగుకి నూనె అంటూ వేరే ఉండదు, ఆ ద్రవమే.

ఒళ్లు మండేది ఎక్కడంటే, మొదటిరోజు ఏమీ తెలియదు. ఊరికే ఉన్నప్పుడు 40 డిగ్రీలు చూపిస్తుంది, షాపులో బిల్లు కట్టి ఇంటికొస్తాం. కొన్నాళ్లకి ఆన్ చేయగానే గుడగుడ మొదలవుతుంది. పంపు వేగం ఒకచోట నిలవదు. గట్టి పని ఇచ్చిన కాసేపటికే ప్రాసెసర్ తన హద్దు తాకుతుంది, రైజెన్ 7000 రకాల్లో చాలావాటికి 95, ఈమధ్య ఇంటెల్ వాటికి 100 నుంచి 105. అక్కడ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు షాపుకెళ్తే "పేస్టు ఎండిపోయింది సార్" అంటారు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసేది! పంపు రేడియేటర్‌లోనే ఉండే మోడళ్లు కొన్ని ఉన్నాయి, వాటి లెక్క వేరు. చిన్నోడిది అది కాదు.

"రేడియేటర్‌ని క్యాబినెట్ టాప్‌కి మార్చెయ్" అని టైపు చేస్తుంటే పిన్నివాళ్ల ఎదురింటాయన మెషిన్ గుర్తొచ్చింది. ఆయన పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. 360 రేడియేటర్ క్యాబినెట్ ముందరవైపు నిలువుగా, పైపులు పైవైపు. రేడియేటర్ పై అంచు పంపుకంటే ఎత్తులోనే ఉంది, అంటే పుస్తకం ప్రకారం క్షేమమే. అయినా రాత్రిపూట చేపల తొట్టి చప్పుడు. ఎందుకంటే గాలి చేరింది రేడియేటర్ పై చివరి నీళ్ల తొట్టిలో, పైపులు నోరు పెట్టింది కూడా ఆ తొట్టిలోనే. మట్టం కాస్త దిగితే చాలు, పంపు నీళ్లతోపాటు గాలినీ మింగుతుంది. రేడియేటర్ తిరగేసి పైపులు కిందకి పెడితే గాలి అవతలి తొట్టిలో పైన ఊరికే కూర్చుంటుంది, చప్పుడు పోతుంది. చెప్పినంత తేలికగా మాత్రం కాలేదు. పైపులు కింద వంపు తిరగాలంటే పవర్ సప్లై కవరు ముందు ఖాళీ కావాలి, మళ్లీ పైకెక్కాలంటే గ్రాఫిక్స్ కార్డు చివరను తప్పించుకోవాలి. ఆ కార్డు మూడు ఫ్యాన్లది. దానికీ రేడియేటర్‌కీ మధ్య వేలు దూరలేదు. చివరికి పైపుల్ని గాజు పలక వైపు నుంచి తిప్పాల్సి వచ్చింది, పైపు నలగకుండా. మడత పడితే పైపు ఎటున్నా ఒకటే.

ఆయనకి ముందరవైపు పెట్టడమే సరైనది. రెండర్, అంటే ఎడిట్ చేసింది పూర్తి వీడియోగా తయారుచేసే పని, దాని భారమంతా ప్రాసెసర్ మీదే, బయటి గాలి నేరుగా రేడియేటర్‌కి తగలాలి. చిన్నోడు ఆడేది గేములు. వాడి కార్డు 200 వాట్ల పైన వేడి కక్కుతుంది, ప్రాసెసర్ అందులో సగం కూడా ఉండదు.

ఆగండి, ఇది రాస్తుంటే తట్టింది. గాలి వరకూ నిజమే అన్నాను కదా, అదీ సగమే నిజం. అడుగున చల్లగాలి లాగిన రేడియేటర్ ఆ వేడిని వదిలేది ఎక్కడ? సరిగ్గా కార్డు ఫ్యాన్ల నోట్లో. అలా చూస్తే ముందర పెట్టినా కార్డుకి కొంత వేడిగాలే. అందుకే వాడికి టాప్, ఫ్యాన్లు బయటికి ఊదేలా. ప్రాసెసర్ నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే చూపించనీ. మే నెలలో గది 38 ఉంటే నీళ్లు దానికన్నా చల్లగా ఎలాగూ ఉండవు.

టాప్‌కి మాత్రం కొలత కావాలి. రేడియేటర్ 27 మి.మీ., ఫ్యాను 25, మొత్తం 52. వాడి ర్యామ్ లైట్లున్న రకం, బోర్డు నుంచి ఎత్తు 44 మి.మీ. దాకా ఉంటుంది. మామూలు ర్యామ్ అయితే 32కి అటూ ఇటూ, బాధ లేదు. టాప్ రంధ్రాలు గాజు పలక వైపు జరిగి ఉంటే ఫ్యాన్లు ర్యామ్ మీదుగా దూరిపోతాయి, లేకపోతే గుద్దుకుంటాయి. మదర్‌బోర్డు పై మూల 8 పిన్నుల కరెంటు వైరు ముందే గుచ్చుకోవాలి. రేడియేటర్ ఎక్కాక అక్కడికి చెయ్యి పోదు.

వాట్సాప్‌లో ఇంకా రెండు రాశాను. 30 మి.మీ. పొడవు స్క్రూలు ఫ్యాన్ల మీదుగానే, రేడియేటర్‌ని క్యాబినెట్‌కి బిగించేవి పొట్టివి. తారుమారైతే మొన నేరుగా నీళ్ల గొట్టంలోకి దిగుతుంది, ఇక ఆ రేడియేటర్ చెత్తబుట్టకే. పంపు వైరు మదర్‌బోర్డు మీది పంపు హెడర్‌కి (వైరు గుచ్చే పిన్నులకి) పెట్టి నూటికి నూరు శాతం వేగంలో ఉంచాలి, ఫ్యాన్లది సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి. అది ఖాళీగా వదిలితే కొన్ని బోర్డులు ఆన్ అవగానే ఎఫ్1 నొక్కమని ఆగిపోతాయి.

"అన్నా, ఇంట్లో టేపు లేదు" అన్నాడు. స్కేలు చాలు, ర్యామ్ పై చివర నుంచి టాప్ రేకు దాకా కొలిచి చెప్పమన్నాను. 55 మి.మీ. వస్తే ఆదివారం టాప్‌కి మారుద్దాం. రాకపోతే ముందరవైపే, పైపులు కిందకి. వాడి కార్డు రెండు ఫ్యాన్లదే, జాగా దొరుకుతుంది. ఈలోగా గేములు ఆపమంటే మాత్రం వినడు.