సెంట్రిఫ్యూజ్ లెక్కలో నాలుగు రెట్ల తప్పు

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళలో ఉండి గేట్ బయోటెక్నాలజీకి చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అందుకే నేను ఫార్ములాలన్నీ బట్టీ పట్టేశాను. ఆ బట్టీయే నన్ను ముంచింది.

ఒక మాక్ టెస్టులో, సెంట్రిఫ్యూజ్‌లో (గొట్టాల్ని గిర్రున తిప్పి ద్రవంలోని కణాల్ని అడుక్కి దించే యంత్రం) కణాలన్నీ అడుక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. రావాల్సిన టైములో సరిగ్గా నాలుగోవంతు వచ్చింది నాకు. ద్రవంలో కణం ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ సూత్రాన్ని వ్యాసార్ధంతో రాస్తే ముందు 2/9 ఉంటుంది, వ్యాసంతో రాస్తే 1/18. నేను 2/9 పెట్టి, లోపల వ్యాసం వేశాను. అంకె నింపే ప్రశ్నలకి నెగెటివ్ మార్కులు లేవు, నిజమే. కానీ పద్ధతి కరెక్టయినా సగం మార్కులంటూ ఇవ్వరు.

ఆ వానాకాలం మహేంద్రతనయ నీళ్ళు బురదగా వచ్చాయి. అమ్మ బిందెలో పటిక తిప్పి పెట్టింది. ఇసక అప్పటికే దిగిపోయింది, సన్న మట్టి మాత్రం పైనే తేలుతోంది. పటిక వేశాక ఆ మట్టి ముద్దలు కట్టి దిగింది. సైజు రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు అన్నది అప్పుడు కళ్ళకి కట్టింది. "పైపైన వంచవే, అడుగు కదపకు" అంది అమ్మ. ల్యాబులో సూపర్‌నాటెంట్ (పైన తేరిన ద్రవం) తీసేటప్పుడు చెయ్యాల్సిందీ అదే.

ఇప్పుడు లెక్క. నీళ్ళలో పాలీస్టైరీన్ పూసలు, సాంద్రత తేడా 50 కేజీలు ఘనమీటరుకి, స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) 0.001 పాస్కల్-సెకన్లు, రోటర్ (గొట్టాలు పెట్టి తిప్పే భాగం) లోపలి అంచు ఇరుసు నుంచి 5 సెం.మీ., బయటి అంచు 10. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అంటే ఒమేగా, అదే తిరిగే వేగం, సెకనుకి 314 రేడియన్లు. టైము = 18 × స్నిగ్ధత × ln(10/5) ÷ (వ్యాసం² × సాంద్రత తేడా × ఒమేగా²). 1 మైక్రాన్ పూసకి సుమారు 42 నిమిషాలు, 2 మైక్రాన్లదానికి పదిన్నర.

సరే, రెండు సైజుల్నీ కలిపి తిప్పి పదిన్నర నిమిషాలకి ఆపితే అడుగున 2 మైక్రాన్లవే ఉంటాయా? ఉండవు. చిన్నవాటిలో ఇరుసు నుంచి 8.4 సెం.మీ. అవతల మొదలైనవి కూడా ఆపాటికి దిగిపోతాయి. అంటే దాదాపు మూడోవంతు! అందుకే పెల్లెట్‌ని (అడుగున చేరిన ముద్దని) మళ్ళీ కలిపి, మళ్ళీ తిప్పుతారు. సెట్టింగు పెద్దవన్నీ దిగేలా చేస్తుంది, పెద్దవే దిగేలా చెయ్యలేదు. థియరీ ప్రశ్నల్లో చాలామంది జారేది ఇక్కడే, దయచేసి దీని మీద ఒక పూట కూర్చోండి.

ఆర్‌పీఎం నుంచి జీ (భూమి ఆకర్షణకి ఎన్ని రెట్ల బలమో) కట్టడం తేలిక: 1.118 × 10⁻⁵ × వ్యాసార్ధం సెం.మీ.లో × ఆర్‌పీఎం². ఇక్కడ సెంటీమీటర్లు, పై లెక్కలో మీటర్లు. రోటర్ మారితే అదే ఆర్‌పీఎం అదే జీ ఇవ్వదు. పరీక్షలో తెర మీద వచ్చే కాలిక్యులేటర్‌తోనే ఇంట్లోనూ చెయ్యండి, వర్గమూలం బటన్ వెతుక్కుంటూ నేను చాలా టైము పోగొట్టుకున్నాను.

ఇది చేసి చూడండి: వ్యాసార్ధం 8 సెం.మీ., కావాల్సింది 12,000 జీ. ఆర్‌పీఎం 11,580 దగ్గర రావాలి.