కాకిబంగారం మీద ఆడవేషం

మా పెదనాయన ముప్పై ఏళ్ళు చంద్రమతి వేషం కట్టాడు. సైదాపురం చుట్టుపక్కల పాతవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని చంద్రమతనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం వేషంలో ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కదాన్లో కంఠమణి కనపడిందని అప్పుడే చించేశాడట.

మొన్న ఫోన్‌లో షరాకు బొమ్మలు చూస్తుంటే అది గుర్తొచ్చింది. 1794లో జపాన్‌లో కబుకి అనే నాటకాల నటుల ముఖాలు గీసినాయన. పది నెలల్లో 140కి పైగా బొమ్మలు, ఆ తర్వాత మనిషి పత్తా లేడు. గీయడం వరకే ఆయన పని. చెర్రీ చెక్క మీద చెక్కేది ఒకరు, ఒక్కో రంగుకీ ఒక్కో చెక్కతో కాగితం మీద అచ్చు రుద్దేది ఇంకొకరు. డబ్బు పెట్టి అమ్ముకునేది త్సుతాయా అనే ప్రచురణకర్త. మన నాటకాల కాంట్రాక్టరు లాంటివాడన్నమాట.

మొదటి విడత 28 బొమ్మల్లో ముఖాల వెనక నల్లటి మెరుపు ఉంటుంది. ఏంటా అని చదివితే, అభ్రకం పొడి! మా కాకిబంగారం! చిన్నప్పుడు గని దిబ్బల మీద ఆడుకుని ఇంటికొస్తే లంగా నిండా అదే. అమ్మ దులిపి దులిపి తిట్టేది.

సాయంత్రం పెదనాయన పక్కన కూర్చుని సెగావా తొమిసబురో అనే నటుడి బొమ్మ చూపించాను. ఇల్లాలి వేషం. తల నిండా అలంకారమే, కింద మాత్రం పొడుగాటి మొహం, పెద్ద ముక్కు, అచ్చం మగాడు. 1629లోనే ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదన్నారని, తర్వాత కుర్ర నటుల ముందు జుట్టు కూడా గొరిగించారని, ఆడవేషగాళ్ళు ఆ బోడి నుదురు మీద ఊదారంగు గుడ్డ కప్పుకునేవాళ్ళని చెప్పాను.

"మీసం తీసినందుకే మీ పెద్దమ్మ నెల్లాళ్ళు మాట్లాడలా. పాపం వాళ్ళకి నెత్తే గొరిగారా!"

షరాకు ఉన్నదున్నట్టు మరీ ఎక్కువ గీయబోయాడని, అందుకే ఎక్కువ కాలం నిలవలేదని పాత జపాన్ రాతల్లో ఉంది. అదీ చెప్పాను. ఆయన వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, ముక్కు దగ్గర ఆగాడు.

"ఆ నటుడి చేతికిస్తే చించేసుంటాడు," అన్నాడు.

పెద్దమ్మ ఫోన్ లాక్కుని కళ్ళజోడు సర్దుకుంది.

"నీ ముక్కే," అంది.